ఆ ఫోన్ కొనిచ్చింది మనమే

జార్జ్ టౌన్‌లో లిటిల్ ఇండియా దగ్గర ఒక్క రూంలో 6 మందిమి ఉంటాం. అందరివీ హోటల్ పనులే. రాత్రి 10కి పని దిగి ఇంటికి ఫోన్ చేస్తే ఊళ్లో ఏడున్నర. సరిగ్గా అప్పుడే మా పిల్లలు బీజీఎంఐ ఆడుతుంటారు. రింగ్ అవ్వగానే కట్ చేస్తారు.

మాకు కోపమొచ్చేది. ఫోన్ లాక్కోమని ఇంటావిడ మీద అరిచేవాళ్లం. రెండ్రోజులు ఎవరూ సరిగా మాట్లాడేవాళ్లు కాదు.

పోయిన నెల మాలో ఒకాయన తిట్టకుండా అడిగాడు, "ఎందుకు కట్ చేస్తున్నావు నాన్నా?" అని.

"నలుగురం కలిసి ఆడతాం డాడీ. ఒక్కో ఆట అరగంట. మధ్యలో ఆపడానికి ఉండదు. నేను ఫోనెత్తితే మిగతా ముగ్గురూ ఓడిపోతారు."

ఈ సంగతి మాలో ఒక్కరికీ తెలీదు. ఇప్పుడు "వెంటనే ఆపు" అనట్లేదు, "ఈ ఆట అయ్యాక చెయ్యి" అంటున్నాం. రోజుకు 2 ఆటలు, 9 గంటలకు ఫోన్ అమ్మ చేతికి.

ఇంకోటి. 2023లో ఆ ఆట మళ్లీ వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలని హద్దు పెట్టారు. పిల్లాడు పెద్దవాళ్ల వయసు వేసి ఆడితే ఆ హద్దు ఉన్నా లేనట్టే. చూసుకోండి. యూపీఐ పిన్ కూడా చెప్పకండి. ఆటలో బట్టలకు, తుపాకుల రంగులకు మన ఓవర్‌టైం డబ్బులు పోతాయి.

రోజూ మాట వింటారని కాదు. కానీ నిన్న రాత్రి 10:40కి వాడే ఫోన్ చేశాడు. "గెలిచావారా?" అన్నాం అందరం. పావుగంట ఆపకుండా చెప్పాడు.

మీరూ ఒకసారి అడిగి చూడండి.