విజిట్ వీసా మీద పంతులమ్మ

నిన్న సాయంత్రం కాచిగూడ స్టేషన్ ముందు మా పక్కింటి అమ్మాయి ఎదురైంది. ఎమ్మే ఇంగ్లిష్, బీఈడీ. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్‌లో పెట్టుకొని గుండెకు హత్తుకుంది.

"అన్నా, మస్కట్‌ల టీచర్ జాబంట. ఏజెంట్లు ముందు విజిట్ వీసా మీద పొమ్మంటున్నరు, ఆడికి పోయినంక మారుస్తరంట. లక్షన్నర అడుగుతున్నరు."

ప్రాణం ఉసూరుమంది. విజిట్ వీసా మీద పాఠం చెప్తే అక్కడ నేరం. జీతం ఎగ్గొట్టినా అడిగే దిక్కుండదు. మన చట్టం ప్రకారం లైసెన్సున్న ఏజెంటు సర్వీస్ ఛార్జీ కింద తీసుకోగలిగేది 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతే. ఆ లైసెన్స్ ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు.

"పైసలు ఇయ్యకు చెల్లె" అన్నాను.

మీ ఇంట్లో కూడా ఇట్లాంటి అమ్మాయి ఉంటే, వర్క్ వీసా చేతికి రాకుండా విమానం ఎక్కనివ్వకండి.