పైన ఎవరిది, కింద ఎవరిది?

మా బాత్రూం సీలింగ్ నుంచి నీళ్లు కారడం మొదలై రెండేళ్లయింది. అమ్మ కింద పెట్టిన బకెట్టు ఇప్పుడు ఇంట్లో మనిషి లాంటిదే.

పై ఫ్లాట్ అంకుల్‌ని అడిగితే "అది మీ సీలింగ్ కదా బాబూ" అంటారు. నాన్నేమో "అది మీ ఫ్లోర్ కదండీ" అంటారు. ఇద్దరూ చెప్పేది ఒకే శ్లాబు గురించి! సంక్రాంతికి అరిసెలు ఇచ్చిపుచ్చుకున్న రెండు ఇళ్లు ఇప్పుడు లిఫ్టులో ఎదురైతే తల తిప్పుకుంటున్నాయి.

ఒకరోజు బీరువాలోంచి దస్తావేజు తీసి చదివాను. స్థలంలో మాకు విభజింపబడని వాటా ఇన్ని గజాలు అని ఉంది. తర్వాత ఫ్లాటు హద్దులు. తూర్పు ఓపెన్ టు స్కై, పడమర కామన్ కారిడార్... పొలానికి రాసినట్టే నాలుగు దిక్కులూ ఉన్నాయి. పైన, కింద అన్న మాటే లేదు. మూడో అంతస్తులో ఉండే మాకు గొడవంతా ఆ రెండు దిక్కులతోనే.

అందుకే మినీ ప్రాజెక్టుకి ఇదే తీసుకున్నాను. బిమ్ మోడల్లో గోడంటే గీత కాదు, మందం, మెటీరియల్ అన్నీ ఉన్న వస్తువు. రెవిట్‌లో మా ఫ్లాటు కట్టి, ఎవరి భాగానికి వాళ్ల రంగు వేస్తూ పోయాను. శ్లాబు దగ్గర చెయ్యి ఆగింది. మాదా, వాళ్లదా, అందరిదా?

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో హద్దు గోడ లోపలి ముఖమా, మధ్య భాగమా, బయటి ముఖమా అన్నది ప్లాన్‌లోనే చెబుతారు. నెదర్లాండ్స్‌లో 2016లో డెల్ఫ్ట్ రైల్వే స్టేషన్ సముదాయంలోని హక్కుల్ని త్రీడీలో రిజిస్టర్ చేశారు. అక్కడ కింద రైళ్లు, పైన మున్సిపల్ ఆఫీసు.

ల్యాప్‌టాప్ పట్టుకుని పైకి వెళ్లాను. సెక్షన్ కట్ చేసి, వాళ్ల బాత్రూం శ్లాబు మా ఇంట్లోకి ఎంత దిగిందో, అందులో వాళ్ల పైపులు ఎలా ఉన్నాయో చూపించాను. అంకుల్ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు.

"బాగుంది బాబూ. కానీ ఇది కాగితంలో లేదుగా?"

నా దగ్గర జవాబు లేదు. మోడల్ హద్దు చూపించగలదు, నిర్ణయించలేదు. ఆ నిర్ణయం ఫ్లాటు అమ్మేరోజే రాసుకోవాలి, రిజిస్ట్రేషన్‌లోకి ఎక్కాలి. లేకపోతే నాది మంచి బొమ్మ, అంతే.

అయినా ఆయనే "ఖర్చు చెరిసగం పెట్టుకుందాం, నాన్నగారిని ఒకసారి రమ్మను" అన్నారు.

ప్లంబర్ ఆదివారం వస్తానన్నాడు. బకెట్టు ఇంకా అక్కడే ఉంది. మోడల్లో శ్లాబుకి మాత్రం ఇప్పటికీ రంగు వేయలేదు.