నీలం పెన్సిలు

పీజీ ముగించిన అమ్మాయి ఒకామె మొన్న నా క్లినిక్‌కి వచ్చింది. మూడు ఫెలోషిప్‌లు చేతిలో ఉన్నాయి, ఒకటి ఫేకో, అంటే శుక్లం ఆపరేషన్, రెండు రెటీనా. "ఫేకో అయితే ఏడాదిలో అయిపోతుంది సార్. రెటీనా రెండేళ్లు, ఒకచోట బాండు కూడా అడుగుతున్నారు. కానీ అక్కడ విట్రెక్టమీలు సొంతంగా చాలా చేయనిస్తారట" అంది.

శుక్లం తీస్తే మర్నాడు కట్టు విప్పగానే పేషెంటు నవ్వుతాడు. రెటీనాలో ఆ సుఖం తక్కువ. మరి నేనెందుకు ఎంచుకున్నానని అడిగింది. నిజం చెప్పాలంటే సిగ్గుతో.

పీజీ రెండో ఏట పోచంపల్లి వైపు నుంచి ఒక నేతన్న వచ్చాడు. "కంట్ల మెరుపులు మెరుస్తున్నయి సారూ, నల్లటి ఈగలు తిరుగుతున్నట్టుంది" అన్నాడు. ఓపీ కిక్కిరిసి ఉంది. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే ఇంకో గంట. వేయలేదు. చూపు 6/6 ఉంది కదా అని ఏవో డ్రాప్స్ రాసి పంపేశాను. మూడు వారాలకు మళ్లీ వచ్చాడు. ఈసారి కింది నుంచి నీడ లేస్తోందన్నాడు. కంటి లోపల బొమ్మ తలకిందులు కదా, నీడ కింద ఉందంటే రెటీనా పైన ఊడినట్టు. పైన చిరిగితే నీరు దిగుతూ దిగుతూ చూపుకు కేంద్రమైన మాక్యులాని కూడా లేపేస్తుంది. లేపేసింది. మొదటిరోజు ఆ చిరుగు పట్టుకుని ఉంటే చుట్టూ లేజర్ వేసి ఇంటికి పంపేవాళ్లం.

మా ప్రొఫెసర్ విట్రెక్టమీ చేసి, అంటే కంటి లోపలి జెల్లీ (విట్రియస్) తీసేసి, గ్యాస్ నింపారు. రెటీనా అతుక్కుంది. కేస్‌షీటు ప్రకారం ఆపరేషన్ విజయవంతం. రెండు నెలల తర్వాత అతను మెల్లగా అన్నాడు: "చూపైతే వచ్చింది సారూ. పడుగు పోగులే వంకరగ కనిపిస్తున్నయి. చిటికి కలుస్తలేదు." చిటికి కలవకపోతే ఇక్కత్ చీర మీద పువ్వు విరుగుతుంది.

మా రోజుల్లోనూ ఫెలోషిప్ అంటే అందరి నోటా పెద్ద పేర్లే: మధురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ, హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్. నేను చేరింది అంత పేరులేని చోట. ఆరు నెలలు విట్రెక్టమీ కట్టర్ ముట్టుకోనివ్వలేదు. తలకు ఇండైరెక్ట్ ఆఫ్తాల్మోస్కోప్ తగిలించుకుని, డిప్రెసర్‌తో కంటి అంచు నొక్కి చూస్తూ కాగితం మీద బొమ్మ వేయాలి. అతుక్కున్న రెటీనా ఎరుపు, ఊడింది నీలం. చిరుగైతే ఎరుపు నింపి చుట్టూ నీలం గీత. విట్రియస్‌లో రక్తం పచ్చ. కాగితం తలకిందులుగా పేషెంటు గుండెల మీద పెట్టుకోవాలి. తర్వాత మా సార్ తానూ చూసి, నేను వదిలేసిన చిరుగు దగ్గర సున్నా చుట్టేవారు. తోటివాళ్లు థియేటర్ కబుర్లు చెబుతుంటే ఒళ్లు మండేది.

"ఇప్పుడు వైడ్‌ఫీల్డ్ కెమెరాలున్నాయి కదా సార్" అందా అమ్మాయి. ఉన్నాయి, నా దగ్గరా ఒకటుంది. అది అంచు నొక్కి చూడదు. చిరుగు వెతికి మూయాలని లొజాన్‌లో గోనిన్ 1920ల్లోనే పట్టుబట్టాడు. మాకెమర్ 1970లో విట్రెక్టమీ చేసి కంటి లోపలికి దారి వేశాడు గానీ, వెతుకులాట తప్పలేదు. నెలలు నిండని పసివాళ్ల దగ్గరైతే మరీ. 34 వారాల లోపు పుట్టినా, రెండు కిలోలకు తగ్గినా, నెల దాటకముందే రెటీనా చూడాలి. పిడికెడు ముఖం, అందులో కన్ను. నొక్కడం రాని చేతికి అక్కడ పని లేదు.

ఎన్ని కేసులు ఇస్తారని అడగొద్దన్నాను. రెటీనా ఉన్న రెండు చోట్లా రెండేసి రోజులు అబ్జర్వర్‌గా ఉండు, థియేటర్‌లో కాదు, ఓపీలో కూర్చో అన్నాను. బాండు సంగతి మాత్రం వాళ్ల నాన్నగారితో మాట్లాడుకోమన్నాను, డబ్బు లెక్కల్లో నా సలహా ఎవరికీ కలిసిరాలేదు.

నిన్న రాత్రి ఫోన్ చేసింది. "సార్, మొదటిచోట ఓపీ బల్ల మీద పెన్సిళ్లే లేవు. ఇక్కడున్నాయి. నీలం పెన్సిలు అరిగిపోయి వేలెడుంది."

దాన్ని అరిగించిందెవరో కనుక్కోమన్నాను. ఫెలోలేనట.

చేరిపో అన్నాను.