సంచీలు చూసుకునేవాళ్ళు

తీర్థానికి వెళ్ళే ప్రతి కుటుంబంలోనూ ఏదీ ఎక్కనివాళ్ళు ఒకరుంటారు. అమ్మమ్మో, పెద్దమ్మో, చంటిపిల్లని ఎత్తుకున్న కోడలో, మోకాళ్ళ నొప్పుల తాతో. పిల్లలు జెయింట్ వీల్ వైపు పరుగు తీస్తుంటే, "మీరెక్కండర్రా, నానిక్కడే కూకుంటాను, సంచీలు నా దగ్గరెట్టేయండి" అంటారు. చెప్పులు, నీళ్ళ సీసా, మురీల పొట్లం, అప్పుడే కొన్న ప్లాస్టిక్ కారు అన్నీ వాళ్ళ ఒళ్ళోకి చేరతాయి. ఇక అక్కణ్ణించి తలెత్తి చూస్తూ ఉంటారు. పైనించి పిల్ల చెయ్యూపితే కిందనించి వీళ్ళూ ఊపుతారు. చక్రం పైకి వెళ్ళిన ప్రతిసారీ పిల్లలు మొదట వెతికేది ఆ మనిషినే. చూసేవాళ్ళు లేకుండా ఎక్కిన రంగులరాట్నం వాళ్ళకి సగం సంబరమే.

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊరి దేవత పండగంటే గుడి ఎంతో గుడి వెనకాల మైదానం అంత. జెయింట్ వీల్, కొలంబస్, బ్రేక్ డాన్స్, పసిపిల్లలకి చిన్న రైలు. ఒక పక్క బెల్లం జీళ్ళు, ఖర్జూరం, ఇంకో పక్క గాజుల దుకాణాలు. అందులోకి వెళ్ళడానికి గేటుండదు. ఊరికి ఎన్ని దారులుంటే మైదానానికి అన్ని దారులు. ఆట ఎక్కేవాడు ఆ ఒక్క ఆటకే డబ్బిస్తాడు. చూసేవాడు ఏమీ ఇవ్వడు, అయినా అతన్ని పక్కకి పొమ్మనేవాళ్ళు లేరు. పైగా ఆట యజమానికి అతను కావాలి కూడా. కొలంబస్ పడవ ఊగి ఊగి నిటారుగా లేచినప్పుడు కింద గుంపుగా నిలబడి నోళ్ళు తెరిచే జనమే దానికి ప్రకటన. ఇవాళ చూసిన గుంటడు రేపు నాన్న జేబు పట్టుకుని వస్తాడు. లారీలకీ, మైదానం పాటకీ, కరెంటుకీ పెట్టిన ఖర్చు నాలుగు రాత్రుల్లో తిరిగి రావాలన్న ఆదుర్దా యజమానికి ఉంటుంది. అయినా చూపుకి అడ్డంగా రేకులు కట్టే ఆలోచన రాదు. చూపు మూసేస్తే జనం ఆగరు.

చూడడమే సంబరమన్న ఈ సంగతి నిండు రూపంలో కనబడేది విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవంలో. విజయదశమి వెళ్ళాక వచ్చే మంగళవారం. ముందురోజు రాత్రి తొలేళ్ళు. 1757 బొబ్బిలి యుద్ధంలో తన అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడని విని ప్రాణం విడిచిన ఆడపడుచు ఈ ఊరి తల్లిగా వెలసిందని చెప్పుకుంటారు. ఆమె విగ్రహం పెద్దచెరువులో దొరికిందంటారు. సిరిమాను అనే పొడవాటి చింతమాను చివర కట్టిన ఆసనంలో పూజారి కూర్చుంటారు. యాభై అరవై అడుగుల మాను, చివర ఒక్క మనిషి. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తుంటే, సిరిమాను మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్ళి వస్తుంది. డాబాల మీద, గోడల మీద, దుకాణాల అరుగుల మీద జనం. కిందనించి అరటిపళ్ళు విసురుతారు. ఎక్కేది ఒక్కరు, ఎక్కనివాళ్ళు లక్షలమంది. ఆ లక్షలమందిలో ఎవరినడిగినా "సిరిమాను చూశాం" అని నిండుగా చెబుతారు తప్ప, ఎక్కలేదే అన్న వెలితి ఎక్కడా వినబడదు. ఎత్తుమీదున్న ఒక్క మనిషి ఊగు ఊరందరిదీ అవుతుంది.

నేను పెద్ద వినోద పార్కుల గురించి ఆలోచించినప్పుడల్లా ఈ ఎక్కనివాళ్ళ వైపు నుంచే ఆలోచిస్తాను. ఆ పార్కుల చరిత్ర కూడా వాళ్ళ దగ్గరే మొదలైంది. వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కూతుళ్ళని లాస్ ఏంజెలెస్‌లో గ్రిఫిత్ పార్కుకి తీసుకెళ్ళేవాడు. పిల్లలు రంగులరాట్నం మీద తిరుగుతుంటే తను బెంచీ మీద కూర్చుని వేరుశనగలు తింటూ చూసేవాడు. పెద్దవాళ్ళూ పిల్లలూ కలిసి సంతోషపడే చోటొకటి ఉండాలన్న ఆలోచన ఆ బెంచీ మీదే పుట్టిందని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జులైలో కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో డిస్నీలాండ్ తెరిచారు. ప్రపంచంలో ఇవాళ థీమ్ పార్కులు అనిపించుకునేవి చాలావరకు ఏదో రకంగా దాని పిల్లలే. అంటే ఈ మొత్తం వ్యాపారానికి మూలపురుషుడు కింద కూర్చుని చూసిన తండ్రి. ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు.

మొదట్లో ఆయన పార్కు లెక్క కూడా మన తీర్థం లెక్కకి దగ్గరగానే ఉండేది. లోపలికి రావడానికి పెద్దవాళ్ళకి ఒక డాలరు. ఏ ఆటకి ఆ ఆటే విడిగా డబ్బు. కొన్నాళ్ళకి టికెట్ల పుస్తకాలు వచ్చాయి. ఏదీ ఎక్కని ముసలామె గేటు దగ్గర ఆ కాస్తా ఇచ్చి లోపల ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1982లో ఆ పుస్తకాలు పోయాయి. గేటు దగ్గర ఒకే టికెట్టు, లోపల ఎన్ని ఆటలైనా. దీని వెనక వ్యాపారపు తర్కం బలమైనదే. కోట్లు పోసి కట్టిన ఆట నిండుగా తిరిగినా ఖాళీగా తిరిగినా ఖర్చు దాదాపు ఒకటే. లోపలికొచ్చిన మనిషికి ఇంకో ఆట ఇవ్వడంలో కొత్తగా పోయేదేమీ లేదు. ప్రతి ఆట దగ్గరా పర్సు తియ్యాల్సిన పని లేకపోతే జనం రోజంతా ఉంటారు. రోజంతా ఉన్నవాళ్ళకి ఆకలేస్తుంది, దాహమేస్తుంది, టోపీలు కొనాలనిపిస్తుంది. భారతదేశంలో వచ్చిన పెద్ద పార్కులు చాలావరకు ఈ పద్ధతినే పట్టుకున్నాయి.

ఈ పద్ధతిలో నష్టపోయింది సంచీలు చూసుకునే మనిషి. ముప్పై ఆటలున్న చోటికి వెళ్ళి ఏదీ ఎక్కకుండా కూర్చున్నా టికెట్టు టికెట్టే. వయసు మళ్ళినవాళ్ళకి కొంత తగ్గింపు ఇస్తారు, నిజమే. కానీ ఆ తగ్గించిన ధర కూడా ఆటలకి కట్టిన ధరే, బెంచీకి కట్టినది కాదు.

మా జిల్లాలవాళ్ళకి ఈ పార్కులు ఇన్నాళ్ళూ చాలా దూరం. వండర్‌లా సంస్థ 2000లో కొచ్చిలో వీగాలాండ్ పేరుతో మొదలై, 2005లో బెంగళూరుకీ, 2016లో హైదరాబాద్ శివార్లలోని రావిర్యాలకీ వచ్చింది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ ఏడు వందల కిలోమీటర్లకి పైమాటే. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. 2024లో అదే సంస్థ భువనేశ్వర్ దగ్గర ఇంకో పార్కు తెరిచింది. దాంతో మా లెక్క తలకిందులైంది. ఇచ్ఛాపురం నుంచి భువనేశ్వర్ రెండు వందల కిలోమీటర్ల లోపే. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం పిల్లలకి ఒరియా చెవిన పడుతూనే ఉంటుంది కాబట్టి ఆ ఊరు పరాయిదిగా అనిపించదు. మొదటి పెద్ద రోలర్ కోస్టర్ ఎక్కడానికి మా సరిహద్దు పిల్లలు తెలుగు రాజధానుల వైపు కాక ఒడిశా వైపు చూస్తారన్నమాట. నాకది తప్పుగా తోచలేదు. పెళ్ళిళ్ళూ, వైద్యాలూ, జీడిపప్పు బేరాలూ ఎప్పటినుంచో అటూ ఇటూ నడుస్తున్నవే.

వాటర్ పార్కు దగ్గరికొస్తే ఎక్కనివాళ్ళ కష్టం ఇంకా స్పష్టంగా కనబడుతుంది. చీరతో నీళ్ళలోకి దిగనివ్వరు, నైలాను బట్టలే వేసుకోవాలి. దానికి కారణాలున్నాయి. నూలు బట్ట దారాలు నీళ్ళ వడపోత యంత్రాల్లో చేరతాయి, చీర కుచ్చెళ్ళు కాళ్ళకి చుట్టుకుంటే ప్రమాదం. నియమం సరైనదే. కానీ జన్మంతా చీర తప్ప ఇంకోటి కట్టని పెద్దమ్మకి ఆ నియమంతోనే ఆ సగం పార్కు మూసేసినట్టు. పొద్దున్నే లేచి కలిపి తెచ్చిన పులిహోర గేటు బయటే ఆగిపోతుంది. ఆ తరవాత ఆమె చెయ్యగలిగిందల్లా తడి బట్టల సంచీ కాయడం. ఇంటి పెద్దగా వచ్చిన మనిషి దగ్గరున్న అన్నం పెట్టే పని కూడా తీసేసుకుంటే ఆ రోజులో ఆమెకి మిగిలేదేముంది? బయటి తిండి రానివ్వకపోవడాన్ని పార్కులవాళ్ళు శుభ్రత సంగతిగా చెబుతారు. శుభ్రత ఒక కారణమే, తిండి అమ్మకం ఇంకో కారణం. రెండోదాన్ని దాచవలసిన పని లేదు. పార్కు బతకడానికి అది కావాలి. కనీసం అరవై దాటినవాళ్ళ టిఫిన్ డబ్బా వరకూ లోపలికి రానిస్తే కూలిపోయే వ్యాపారం కాదది.

క్యూ సంగతి వేరు. పెద్ద పార్కులో మనిషి ఎక్కువసేపు గడిపేది వరసలోనే. డిస్నీవాళ్ళు 1999లో ఫాస్ట్‌పాస్ అని తెచ్చారు. ముందుగా సమయం రాయించుకుంటే వరస తప్పుతుంది, డబ్బు అక్కర్లేదు. ఇరవయ్యేళ్ళు దాటాక దాని చోట డబ్బుతో కొనే పద్ధతి వచ్చింది. మన దేశంలోనూ వరస తప్పించే ఖరీదైన టికెట్లున్నాయి. ఇలాంటి వాటిమీద నాకు కోపం రావాలి గానీ, మన గుళ్ళలో ప్రత్యేక దర్శనం టికెట్లు ఎంత కాలంగా ఉన్నాయో తలుచుకుంటే ఆ కోపం పార్కుల దగ్గర ఆగదు. తీర్థం మైదానంలో మాత్రం ఇప్పటికీ జెయింట్ వీల్ వరస ఒక్కటే.

అన్ని పెద్ద చోట్లూ ఒకలా ఉండవు. 1996లో హైదరాబాద్ దగ్గర మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ పుట్టింది సినిమాల కోసం. పదహారు వందల ఎకరాలకి పైగా విస్తరించిన స్టూడియో అది, సందర్శకులు తరవాత చేరారు. అక్కడ ముఖ్యమైన అనుభవం బస్సులో కూర్చుని సెట్ల మధ్య తిరగడం. రైల్వే స్టేషన్ ముఖద్వారం, విదేశీ వీధి, బాహుబలి మాహిష్మతి. మా వైపు నుంచి స్కూలు విహారయాత్రలూ, కుటుంబాల బస్సులూ అక్కడికి అంతగా ఎందుకు వెళతాయో నాకు అక్కడే అర్థమైంది. ఆ బస్సులో పిల్లల కన్నా పెద్దవాళ్ళకి ఎక్కువ తెలుసు. "ఇదిగో, ఈ మెట్ల మీదే కదా ఆ పాట" అని చెప్పేది వాళ్ళే. ఎక్కనివాళ్ళకి అక్కడ పెద్దరికం దక్కింది.

అలాంటిదే, ఇంకా దగ్గరలో, విజయనగరం ఊరి అంచున రామనారాయణం ఉంది. నారాయణం కుటుంబపు ట్రస్టు కట్టించగా 2014లో తెరుచుకుంది. పదిహేను ఎకరాల్లో, పైనించి చూస్తే ఎక్కుపెట్టిన విల్లులా ఉండే కట్టడం. ఆ విల్లు పొడవునా రామాయణ ఘట్టాలు శిల్పాలుగా వరసలో ఉంటాయి. తల ఎత్తి చూడవలసినంత పెద్ద హనుమంతుడు. పొద్దు వాలాక దీపాల రంగులు మారుతుంటాయి. దీన్ని గుడి అనేవాళ్ళూ ఉన్నారు, పార్కు అనేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండూ సమ్మతమే. అక్కడ ఎక్కడానికి ఆటలేమీ లేవు, నడక ఒక్కటే. శ్రీకాకుళం నుంచి, రాజాం నుంచి, బొబ్బిలి నుంచి వచ్చే కుటుంబాల్లో మనవడి చెయ్యి పట్టుకుని ఒక్కో బొమ్మ ముందు ఆగి కథ చెప్పే అమ్మమ్మల్ని ఎవరైనా చూడొచ్చు. అక్షరం రాని అమ్మమ్మ కూడా అక్కడ పలకలు చదవకుండానే ముందుకు నడిపిస్తుంది. పిల్లాడు విసుగు పడితే ఆమే హనుమంతుడి దగ్గరికి తొందరగా తీసుకుపోతుంది.

ఇంత చెప్పానని పెద్ద పార్కులు మాకు వద్దని కాదు. కావాలి. తీర్థంలో రాత్రికి రాత్రి బోల్టులు బిగించి నిలబెట్టిన చక్రం మీద బిడ్డ కూర్చుంటే కింద తల్లికి ఊపిరి ఆడదు. రోజూ పొద్దున్నే పరీక్షించే ఆటలు, నడుముకి తాళం పడే సీట్లు, శిక్షణ పొందిన మనుషులు, శుభ్రమైన మరుగుదొడ్లు పలాస పిల్లకీ అందాలి. మరుగుదొడ్డి ఒక్కటే చాలు, ఎందరో ఆడవాళ్ళు రోజంతా నీళ్ళు తాగకుండా తీర్థం తిరగడం మానడానికి. 1893లో షికాగోలో జార్జ్ ఫెర్రిస్ మొదటి చక్రం నిలబెట్టినప్పుడు అది 264 అడుగుల ఎత్తు. ముప్పై ఆరు పెట్టెలు, ఒక్కోదానిలో అరవైమంది, టికెట్టు యాభై సెంట్లు. ఇంత పెద్దది తిరగదని ముందుగా నవ్వినవాళ్ళున్నారు. ఆ ధైర్యం, ఆ లెక్క మన తీరానికీ రావాలి. ఇక్కడ కట్టేవాళ్ళకి గాలి లెక్క కూడా తెలియాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాన్లు కొబ్బరి తోటల్నీ జీడి తోటల్నీ ఏం చేశాయో చూసిన నేల ఇది.

భోగాపురం విమానాశ్రయంతో పాటు ఈ తీరం మీద చాలా పథకాల మాటలు వినబడుతున్నాయి. వాటిలో ఎప్పుడో ఒక పార్కు కూడా ఉంటుంది. దాని నక్షా గీసేవాళ్ళు ఒక మంగళవారం సిరిమానోత్సవానికి వచ్చి, మాను వైపు కాక జనం వైపు చూస్తూ నిలబడాలని నా కోరిక. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఏ అరుగుమీద నీడుంది, అన్నం మూటలు ఎక్కడ విప్పారు, ముసలివాళ్ళని ఎవరు ముందుకి జరిపి కూర్చోబెట్టారు అన్నది రాసుకోవాలి. ఆ తరవాత గేటు దగ్గర రెండు ధరలు పెట్టాలి, ఎక్కేవాళ్ళకి ఒకటి, చూసేవాళ్ళకి ఒకటి. ప్రతి పెద్ద ఆట ఎదురుగా, సీట్లో ఉన్న పిల్ల ముఖం కనబడేంత దగ్గరలో, చింతచెట్ల కింద బెంచీలు వెయ్యాలి. చింతచెట్టు నీడ ఇవ్వడానికి ఇరవయ్యేళ్ళు పడుతుంది కాబట్టి ఆ మొక్కలు పార్కు గోడకన్నా ముందే పాతాలి.