కుట్టు దగ్గర గుంట

రెండో కాన్పు కోసం ఏళ్లుగా ఎదురుచూస్తున్నవాళ్లు వస్తే ముందు నేనడిగేది ఒకటే: "నెలసరి ఆగాక కూడా మరకలు అవుతున్నాయా అమ్మా?" చాలామంది తలుపు వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "అవుతాయి మేడమ్, నాలుగైదు రోజులు, గోధుమరంగులో" అంటారు. ప్రాక్టీసు మొదటి పదేళ్లు నేనూ ఈ మాట అడగలేదు.

హనుమకొండ నుంచి వచ్చినామెదీ అదే కథ. మొదటిది పెద్దాపరేషన్. బాబుకి ఆరేళ్లు. "ఒకడు పుట్టిండు కదా మేడమ్, లోపమేముంటది?" అంది అత్త.

సిజేరియన్‌లో గర్భసంచి కింది భాగాన్ని కోసి కుడతాం. కొందరిలో ఆ కుట్టు లోపలివైపు సరిగ్గా అతుక్కోదు, గుంట పడుతుంది. లోతు కనీసం 2 మిల్లీమీటర్లుంటే 'నిచ్' అంటాం. నెలసరి రక్తం అందులో నిలిచి తీరిగ్గా కారుతుంది. కొందరిలో గర్భసంచిలోకీ చేరుతుంది, ఆ తడిలో పిండం అంటుకోవడం కష్టం.

గుంట కనిపించిందని కత్తి పట్టేయకూడదు. గుంట ఉన్నా ఇబ్బంది లేకుండా గర్భం దాల్చేవాళ్లు బోలెడుమంది. భర్త వీర్య పరీక్ష రిపోర్టు చూడందే నేను ఆపరేషన్‌కు తేదీ ఇవ్వను. ఆ మాట అత్తకు నచ్చలేదు. అయినా చేయించాం, బాగానే ఉంది.

ఇక చూడాల్సింది గుంట మీద మిగిలిన కండ మందం. 3 మిల్లీమీటర్లుంటే కింది నుంచి హిస్టిరోస్కోపు పెట్టి గుంట అంచు చెక్కేస్తాం, మడి గట్టు తెంపి నీళ్లు వదిలినట్టు. దాంతో గోడ మందం మాత్రం పెరగదు. ఈమెకు ఉన్నది 1.8. అక్కడ చెక్కితే చిల్లు పడొచ్చు, మూత్రాశయానికీ దెబ్బ తగలొచ్చు. అందుకే లాప్రోస్కోపీ.

మూత్రాశయం పాత మచ్చకు అతుక్కుపోయి ఉంది. దాన్ని విడదీయడానికే గంట పట్టింది. తర్వాత పైదీపం తగ్గించి, లోపల హిస్టిరోస్కోపు వెలిగించమన్నాను. పలచబడ్డచోట పాతచీర వెనక బుడ్డిదీపంలా ఎర్రగా మెరిసింది. ఆ మచ్చనంతా కోసి తీసేశాను, అంచున తాజా రక్తం వచ్చేదాకా. రక్తం వచ్చిందంటే కండ బతికుందని. రెండు పొరలుగా కుట్టాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే, ఆంధ్రప్రదేశ్‌లో 42.4. దేశం మొత్తమ్మీద 21.5. ఏ నిమిషానికి కోయాలో ముహూర్తం రాసిచ్చేవాళ్లున్నారు మనకు. కుట్టు ఎలా మానుతుందో చెప్పడానికి మాకే తీరిక ఉండదు.

డిశ్చార్జి రోజు చెప్పాను: ఆర్నెల్లు ఆగాలి, నెల తప్పగానే స్కానింగుకు రావాలి, పిండం మచ్చలోనే కూర్చుందేమో చూడాలి. "ఈసారన్నా మామూలు కాన్పయితదా?" అంది. కాదమ్మా, అదీ ఆపరేషనే అన్నాను. కాసేపు మాట్లాడలేదు.

మూడో నెలలో చూపించుకోవడానికి వచ్చింది. మరకలు ఆగాయంది. గోడ క్యాలెండర్‌లో ఆరో నెలకు అత్త సున్నా చుట్టి పెట్టిందట.