డ్రాక్యులా ఊళ్ళో ఒక బడి

మొన్నామధ్య ఆఫీసు పని మీద రుమేనియాలోని క్లూజ్‌కి వెళ్ళాను. నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అన్నమాట. శనివారం ఏం చెయ్యాలో తోచక కూర్చుంటే, అక్కడి కొలీగ్ ఒకతను "సిగిష్వారా చూసి రండి" అన్నాడు. పేరు వినగానే అదేదో మన ఈశ్వరుడి క్షేత్రంలా అనిపించింది నాకు. తీరా చూస్తే డ్రాక్యులా కథకి పేరిచ్చిన వ్లాద్ పుట్టాడని చెప్పుకునే ఊరది!

సరే, అందరిలాగే నేనూ ఆ ఇల్లు చూశాను, 64 మీటర్ల గడియార స్తంభం ముందు ఫోటో దిగాను. కోట గోడల మధ్య ఉన్న ఆ పాత ఊరిని 1999లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. కానీ నాకు గుర్తుండిపోయింది ఇవేవీ కాదు, కొండమీదున్న ఒక బడి.

ఆ బడికి వెళ్ళడానికి 1642లో కట్టిన చెక్కమెట్లున్నాయి. ఇప్పుడు 170 పైచిలుకు. విశేషం ఏమిటంటే, కింది నుంచి పైదాకా వాటికి కప్పు వేశారు. ఎందుకూ అంటే, మంచు కురిసే రోజుల్లో పిల్లలు తడవకుండా బడికెళ్ళాలని. ఆ కాలంలో పిల్లల కోసం అంత పొడుగు పందిరి వేసిన ఊరంటే ముచ్చటేసింది.

కట్టింది శాక్సన్లు, అంటే 12వ శతాబ్దం నుంచి హంగరీ రాజులు పిలిపించి స్థిరపరిచిన జర్మన్ భాష వాళ్ళు. బడి పేరు జోసెఫ్ హాల్ట్రిచ్ అనే ఆయనది. ఈ బడిలోనే పాఠాలు చెబుతూ, చుట్టుపక్కల పల్లెల్లోని శాక్సన్ జానపద కథలు సేకరించి 1856లో అచ్చు వేయించాడు. రాకెట్ శాస్త్రానికి ఆద్యుల్లో ఒకడైన హెర్మన్ ఓబర్త్ ఇక్కడే చదువుకున్నాడు. ఆయన సిద్ధాంత వ్యాసాన్ని జర్మనీలో హైడెల్‌బర్గ్ వాళ్ళు తిప్పికొడితే, 1923లో పట్టా ఇచ్చింది మా ఆఫీసున్న క్లూజ్‌లోని యూనివర్సిటీయే. 1969లో అపోలో 11 పైకి లేస్తుంటే ఆ పెద్దాయన అక్కడే ఉండి చూశాడు.

ఇంతకీ ఆ శాక్సన్లు ఏరీ? వెళ్ళిపోయారు. 1930 జనాభా లెక్కల్లో రుమేనియాలో ఏడు లక్షల పైచిలుకు జర్మన్లుంటే, 2021కి ఇరవైమూడు వేలు మిగిలారు. చౌషెస్కూ హయాంలో పశ్చిమ జర్మనీ తలకింత అని డబ్బు కడితే కొందర్ని వదిలారు. 1989లో అతను కూలిపోయాక, 1990 ఒక్క ఏడాదిలోనే లక్షమందికి పైగా పెట్టె సర్దేశారు. బడి పక్కనే చర్చి, ఆ పక్కన స్మశానం. రాళ్ళ మీద అన్నీ జర్మన్ పేర్లే.

కానీ బడిలో జర్మన్ చదువు ఆగలేదు! ఇప్పుడు రుమేనియన్ పిల్లలు అందులో చేరి జర్మన్‌లో చదువుకుంటున్నారు. సోమవారం ఆఫీసులో ఈ మాట ఎత్తితే మా కొలీగ్ నవ్వి, "ప్రేమా దోమా ఏం కాదు సార్, జర్మన్ వస్తే ఉద్యోగం వస్తుంది" అన్నాడు.

అక్కడే నాకు గుచ్చుకుంది. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివినవాణ్ణి. మా బళ్ళో ఇప్పుడు ఆ మీడియం లేదు. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తలా కొంత వేసుకుని బడికి గేటు కట్టించాం, మా పేర్లతో శిలాఫలకం కూడా పెట్టించుకున్నాం. మావాడికి మాత్రం ఆ ఫలకం మీద వాళ్ళ నాన్న పేరు చదవడం రాదు. తప్పు వాడిది కాదు లెండి. నేర్పాల్సింది నేను, తీరిక లేదన్నదీ నేనే.

శాక్సన్లు వెళ్ళిపోయినా వాళ్ళ భాషకి వెనకాల జర్మనీ ఉంది, జీతాలున్నాయి. తెలుగుకి వెనకాల ఎవరున్నారు? మనమే. ఎవరో వచ్చి మన మెట్లెక్కుతారని నాకైతే నమ్మకం లేదు.

తిరిగొచ్చాక ఆదివారాలు మావాణ్ణి కూర్చోబెట్టి అక్షరాలు దిద్దిస్తున్నాను. ఇప్పటికి 'ఋ' దగ్గర ఆగాం. "డాడీ, ఇది ఎక్కడ వాడతారు?" అని అడిగాడు. 'ఋణం' అని రాసి చూపించాను.