సాగర తీరాన సరస్వతి

వేటపాలెం అనగానే చాలామందికి జీడిపప్పు గుర్తొస్తుంది. మగ్గాల చప్పుడు మధ్య పెరిగిన ఈ ఊరికి మరో రుచీ ఉంది. అదే సారస్వత నికేతనం. 1918లో ఊటుకూరి వెంకట సుబ్బరాయ శ్రేష్ఠి ప్రారంభించిన గ్రంథాలయమిది. 1929లో గాంధీజీ వచ్చి దీని కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇక్కడ భద్రంగా దాచారు.

చూడ్డానికి వచ్చినవాళ్లు ముందు ఆ కర్రనే అడుగుతారు కానీ, అసలు సంపద బీరువాల్లో ఉంది. ఆంధ్రపత్రిక, భారతి వంటి పాత పత్రికల సంచికలవి. 1921లో పక్కనే ఉన్న చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టమంటూ ఇళ్లు వదిలి, ఊరి బయట రామ్‌నగర్‌లో పాకలు వేసుకున్నారు. ఆనాటి సంగతులు వెతికేవారికి అలాంటి పుటలే దిక్కు. అసలే పాత కాగితం, ఆపై సముద్రపు తేమగాలి. పేజీ తిప్పాలంటే ఊపిరి బిగబట్టాల్సిందే. అంచు పెళుసుగా విరిగితే, దాంతోపాటు రెండక్షరాలూ రాలిపోతాయి.